నమ్మకం సరే, నియమం ఏది?

ఎండాకాలం సెలవులు మొదలైతే నాదర్‌గుల్ చుట్టుపక్కల కొత్త వెంచర్ల మధ్య మిగిలిన ఏ ఖాళీ జాగా చూసినా పిల్లలే కనిపిస్తారు. వాళ్లలో చాలామంది అమ్మానాన్నలు దేవరకొండ నుంచి, అచ్చంపేట నుంచి, కల్వకుర్తి నుంచి బతకడానికి వచ్చిన తండావాళ్లు. తెల్లారకముందే అడ్డా మీదికి పోతారు. మేస్త్రీ ఎటు తీసుకుపోతే అటు. సెంట్రింగ్ పనో, ఇటుకల మోతో, వచ్చేసరికి చీకటి పడుతుంది. ఇంట్లో పదేళ్ల అక్క ఐదేళ్ల తమ్ముణ్ని చూసుకుంటుంది. ఆ అక్కను చూసుకునేవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు.

అక్కడికి మన యువజన సంఘాలు పోతాయి. ట్యూషన్ చెప్తాయి, కబడ్డీ నేర్పిస్తాయి, డప్పు నేర్పిస్తాయి. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం తండాల్లోనూ ఇదే పని, ఉట్నూరులోనూ భద్రాచలంలోనూ ఇదే పని. పనికి పోతూ ఒక తల్లి మన పిల్లగాళ్లతో ఒక్క మాట అని పోతుంది: "అన్నా, పిల్ల మీ దగ్గర్నే ఉంటది, జర చూడున్రి."

ఆ మాట విని మనం మురిసిపోతాం. మన మీద అంత నమ్మకం ఉందని గర్వపడతాం. కానీ ఆ నమ్మకాన్ని నిలబెట్టడానికి మన సంఘంలో రాసి పెట్టుకున్న నియమం ఏదైనా ఉందా? పిల్లల దగ్గరికి ఎవరిని పంపాలి, ఎవరిని పంపకూడదు, ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి అని ఎప్పుడైనా కూర్చుని మాట్లాడుకున్నామా? చాలా సంఘాల్లో జవాబు ఒకటే: "మనోళ్లే కదన్నా!"

ఈ రోజు మాట్లాడాల్సింది ఆ "మనోళ్లే" గురించి.

సాగర్ రోడ్డు పట్టుకుని ఇక్కడి నుంచి నగరం వైపు పోతే సైదాబాద్ వస్తుంది. అక్కడి సింగరేణి కాలనీలో 2021 సెప్టెంబర్ 9న ఆరేళ్ల పాపపై అత్యాచారం చేసి చంపేశారు. లంబాడా కుటుంబం, కూలి బతుకు. పాప దొరికింది ఎక్కడో అడవిలో కాదు, పక్కింట్లో. నిందితుడు పక్కింటివాడు. బస్తీ మొత్తం రోడ్డెక్కింది, రాష్ట్రమంతా కదిలింది. వారం తర్వాత, సెప్టెంబర్ 16న, నిందితుడి శవం స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రైలు పట్టాల మీద దొరికింది. న్యాయం జరిగిందని చాలామంది అన్నారు. మనలోనూ కొందరు అన్నారు.

కానీ ఒక్కటి ఆలోచించండి. ఆ మర్నాడు కూడా సింగరేణి కాలనీలో తల్లిదండ్రులు పనికి పోయారు. పిల్లలు మళ్లీ ఒంటరిగానే ఉన్నారు. కోపం చల్లారింది కానీ పిల్లల పగటి పూట మారలేదు. ఘోరం జరిగాక ర్యాలీ తీయడం మనకు బాగా వచ్చు. ఘోరం జరగకముందు చేయాల్సిన పని మాత్రం ఇంకా నేర్చుకోవాలి. 2019లో హాజీపూర్‌లో బయటపడింది కూడా గుర్తుంది కదా. బస్సు లేని దారిలో నడిచిపోతున్న ఆడపిల్లలను బండి ఎక్కించుకున్నవాడు ఊరివాడే. అంతకుముందు 2015లో ఒక పిల్ల కనబడకుండా పోతే, అది గట్టిగా పట్టించుకోవాల్సిన విషయంగా ఎవరికీ అనిపించలేదు.

అంకెలు కూడా ఇదే చెప్తున్నాయి. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం బయటపెట్టింది. అందులో 53.22 శాతం మంది పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. ఎక్కువ కేసులు కనిపించిన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆడపిల్లలతో పాటు మగపిల్లలూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, పిల్లలు నమ్మినవాళ్లు. ఇక పోలీసుల దాకా వచ్చిన కేసులు చూస్తే, పోక్సో కింద నమోదైన అత్యాచారాల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు తెలిసినవాడేనని ఎన్‌సీఆర్‌బీ లెక్కలు ఏటేటా చెప్తున్నాయి.

తెలిసినవాడు అంటే ఎవరు? బాబాయి కావచ్చు, సారు కావచ్చు, వార్డెన్ కావచ్చు. పిల్లలు "అన్నా" అని పిలిచే మన కార్యకర్త కూడా కావచ్చు. ఈ చివరి మాట రాయడం ఇష్టం లేదు. కానీ రాయకుండా దాటేస్తే ఈ వ్యాసానికి అర్థం లేదు.

పిల్లలను ఎంచుకుని వేధించేవాడు పిల్లలున్న చోటికే వస్తాడు. బడికి వస్తాడు, హాస్టల్‌కు వస్తాడు, ఆటల శిక్షణకు వస్తాడు, సంఘానికీ వస్తాడు. అందరికంటే ఎక్కువ పని చేస్తాడు, అందరికంటే మంచివాడిగా పేరు తెచ్చుకుంటాడు. ముందు తల్లిదండ్రుల నమ్మకం సంపాదిస్తాడు. తర్వాత ఒక పిల్లకు చాక్లెట్, ఒక పిల్లగాడికి ఫోన్‌లో గేమ్, "ఇది మనిద్దరి మధ్యనే" అనే ఒక చిన్న రహస్యం. బయటికి అంతా ప్రేమలాగే కనిపిస్తుంది.

2013 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్ జిల్లా ఝలియామారి ఆశ్రమశాల సంగతి దేశమంతా విన్నది. చిన్న చిన్న ఆదివాసీ ఆడపిల్లలు. పాడు చేసింది వాళ్లకు పాఠం చెప్పాల్సిన ఉపాధ్యాయుడు, కాపలా కాయాల్సిన వాచ్‌మన్. అడవిలో బడి లేదని పిల్లలను హాస్టల్‌కు పంపితే, ఆ హాస్టలే ముప్పు అయింది.

ఇది పేద దేశపు సమస్య అనుకోవద్దు. అమెరికాలో బాయ్ స్కౌట్స్ వందేళ్లకు పైబడిన సంస్థ. పిల్లలకు క్రమశిక్షణ, సేవ నేర్పే సంస్థగా దేశమంతా పేరు. ఆ సంస్థ పిల్లలను వేధించిన వాలంటీర్ల పేర్లను దశాబ్దాల పాటు రహస్య ఫైళ్లలో దాచుకుంది. చాలాసార్లు పోలీసులకు చెప్పకుండా సంస్థ నుంచి తీసేసి ఊరుకుంది. కోర్టు ఆదేశంతో 2012లో ఆ ఫైళ్లలో వేల పేజీలు బయటికొచ్చాయి. 2020 ఫిబ్రవరిలో సంస్థ దివాలా పిటిషన్ వేసింది. మాపై వేధింపు జరిగిందని 82,000 మందికి పైగా ముందుకొచ్చారు. చివరికి 246 కోట్ల డాలర్ల పరిహార నిధికి ఒప్పుకోవాల్సి వచ్చింది. పరువు కాపాడుకోవడానికి దాచారు. దాచినందుకే పరువూ పోయింది, అంతకంటే ముందు వేల మంది పిల్లల బాల్యం పోయింది.

మన సంఘం చిన్నది, మన దగ్గర ఫైళ్లు లేవు. కానీ "ఈ విషయం బయటికి పోతే ఉద్యమానికి చెడ్డపేరు" అనే మాట మన దగ్గర కూడా వినిపిస్తుంది కదా? "శత్రువులకు అవకాశం ఇచ్చినట్లయితది" అనే మాట? నిజాయితీగా చెప్పుకుందాం. ఆ మాట అన్న రోజు మనం పిల్ల వైపు లేము.

అందుకే నియమం కావాలి. మనుషుల మీద అనుమానంతో కాదు. ఎవరు మంచివాళ్లో, ఎవరు కాదో ముఖం చూసి చెప్పే విద్య మనలో ఎవరికీ లేదు కాబట్టి. నియమం అందరికీ ఒకటే అయితే ఎవరినీ అవమానించినట్లు కాదు. కొత్తగా చేరిన వాలంటీర్‌కైనా, ఇరవై ఏళ్ల నుంచి జెండా మోస్తున్న నాయకుడికైనా అదే నియమం.

2007లోనే అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, పిల్లలతో పని చేసే యువజన సంస్థల కోసం ఒక మార్గదర్శిని ప్రచురించింది. అందులో చెప్పినవి ఆరు: మనుషులను చూసి ఎంచుకోవడం, పిల్లలతో ఎలా మెలగాలో రాసుకోవడం, గమనిస్తూ ఉండటం, జాగాను సురక్షితంగా ఉంచడం, తప్పు జరిగితే ఏం చేయాలో ముందే తేల్చుకోవడం, అందరికీ శిక్షణ ఇవ్వడం. వీటిలో డబ్బులు పెట్టాల్సింది దాదాపు ఏమీ లేదు. మన తండాకు, మన బస్తీకి సరిపోయేలా మలుచుకుంటే ఇలా ఉంటాయి.

మొదటిది, ఇద్దరు. పిల్లలున్న చోట ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. వీలైతే అందులో ఒకరు మహిళ. తలుపు మూసిన గదిలో ఒక పెద్దమనిషి, ఒక పిల్ల ఉండకూడదు. ఒక్కరితోనే మాట్లాడాల్సి వస్తే అరుగు మీద, అందరి కళ్ల ముందు మాట్లాడాలి.

రెండోది, విచారణ. ట్యూషన్ చెప్తానని, ఆట నేర్పిస్తానని వచ్చినవాణ్ని ముందు ఎక్కడ పని చేశావని అడగాలి. అక్కడికి ఫోన్ చేసి, అక్కడినుంచి ఎందుకు వచ్చేశాడో కనుక్కోవాలి. పిల్లలతో పని చేసే సంస్థలు సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్ చేయించాలని 2020 పోక్సో నియమాలు చెప్తున్నాయి. "అట్ల అడిగితే బాగుండదు" అనుకోవద్దు. అడిగితే మంచివాడు నొచ్చుకోడు.

మూడోది, ఫోను. పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టొద్దు. పెట్టాల్సింది ఏదైనా ఉంటే తల్లిదండ్రులున్న గ్రూపులో పెట్టాలి. పిల్లల ఫొటోలు ఇష్టం వచ్చినట్లు తీయొద్దు, పంచొద్దు.

నాలుగోది, ప్రయాణం. పోటీలకో, సభకో, జాతరకో పిల్లలను తీసుకుపోతాం. రాత్రి ఉండాల్సి వస్తే ఆడపిల్లల దగ్గర మహిళా కార్యకర్తలు ఉండాలి. పెద్దలు పిల్లల పక్కన పడుకోకూడదు. ఒక్క పిల్లను బండి మీద ఎక్కించుకుని "నేను దింపొస్తా" అని పోవడం ఎవరికీ కుదరదు, అధ్యక్షుడికైనా సరే. దారిలో బస్సు లేకపోతే, బస్సు కోసం డిపో ముందు ధర్నా చేయడం కూడా పిల్లల రక్షణే.

ఐదోది, మాట. "మంచి స్పర్శ, చెడు స్పర్శ" అని చార్టు తగిలిస్తే అయిపోదు. గోండిలో, కోయలో, గోర్ బోలీలో శరీర భాగాల పేర్లు సిగ్గు లేకుండా చెప్పుకోగలిగిన పిల్లే, జరిగింది చెప్పగలుగుతుంది. మనం ఆ పేర్లను బూతులుగా మార్చేశాం. పిల్లకు మాటలు ఇవ్వాలి. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి: కాపాడుకునే బాధ్యత పిల్లది కాదు. "ఎందుకు అరవలేదు, ఎందుకు ముందే చెప్పలేదు" అని ఏ పిల్లనూ అడగకూడదు.

ఇంత చేసినా ఒక రోజు ఒక పిల్ల వచ్చి చెప్పొచ్చు. ఆ రోజు మన పరీక్ష.

పిల్ల చెప్తుంటే వినాలి. మధ్యలో ఆపొద్దు, గుచ్చి గుచ్చి అడగొద్దు. "నువ్వు చెప్పి మంచి పని చేసినవ్, తప్పు నీది కాదు" అనాలి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వొద్దు, ఎందుకంటే చెప్పక తప్పదు. పిల్ల వాడిన మాటలను అట్లాగే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. నిందితుణ్ని పిలిచి నిలదీయొద్దు, కమిటీ మీటింగ్ పెట్టొద్దు, వీడియో తీయొద్దు. వెంటనే 1098కో 112కో ఫోన్ చేయాలి, లేదా స్టేషన్‌కు పోవాలి. దాడి జరిగి ఎక్కువ సేపు కాకపోతే పిల్లకు స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. పోలీసు కాగితం తెస్తేనే చూస్తామని ఏ ఆసుపత్రీ అనడానికి లేదు.

2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లలపై నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. సంస్థ నడిపేవాళ్లు తమ కింద పని చేసేవాడు చేసిన నేరాన్ని దాస్తే ఏడాది దాకా. అంటే "మా సంఘం లోపలి విషయం" అనేదానికి చట్టంలో చోటు లేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లపై కేసు పెట్టడానికి కూడా లేదు.

స్టేషన్ అంటే మనవాళ్లకు భయం. ఆ భయానికి కారణాలున్నాయి. అందుకే హక్కులు తెలిసినవాళ్లు పక్కన ఉండాలి. పిల్ల వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరే, లేదా పిల్లకు ఇష్టమైన చోట తీసుకోవాలి. సాధ్యమైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రాసుకోవాలి, యూనిఫాం వేసుకుని రాకూడదు. ఏ కారణంతోనూ రాత్రి పూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి తెలియజేయాలి. కేసు నడిచినంత కాలం కుటుంబానికి తోడుగా ఒక సహాయ వ్యక్తిని ఆ సమితి ఇవ్వొచ్చు. మధ్యంతర పరిహారం అడగొచ్చు. తెలుగు సరిగా రాని పిల్ల అయితే తన భాష తెలిసిన దుబాసీని అడగొచ్చు. ఇవన్నీ అడిగితేనే వస్తాయి. ఆ అడిగే గొంతు యువజన సంఘానిదే కావాలి.

ఇక పంచాయితీ సంగతి. తండాలో, గూడెంలో ఇలాంటిది జరిగితే రాత్రికి రాత్రే పెద్దమనుషులు కూర్చుంటారు. ఇంత జరిమానా, ఇంత పరిహారం, కాళ్లు మొక్కించడం, తెల్లారేసరికి "మాటైపోయింది". కొన్నిసార్లు అక్కడ కుర్చీ వేసుకుని కూర్చున్నది మన యువజన నాయకుడే. పిల్ల అభిప్రాయం ఎవరూ అడగరు. ఆ తర్వాత అదే దారిలో, అదే బోరింగ్ దగ్గర, రోజూ వాణ్ని చూస్తూ ఆ పిల్ల పెరగాలి.

ఇక్కడే రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక తీర్పు తెలుసుకోవాలి. ఒక ఉపాధ్యాయుడు విద్యార్థినిని లైంగికంగా వేధించాడని కేసు అయింది. తర్వాత పిల్ల తండ్రితో రాజీ కుదిరింది. రాజీ అయింది కదా అని హైకోర్టు కేసు కొట్టేసింది. అప్పుడు ఆ కుటుంబంతో సంబంధం లేని ఇద్దరు ముందుకొచ్చి సుప్రీంకోర్టు దాకా పోయారు. 2024 నవంబర్ 7న రామ్‌జీ లాల్ బైర్వా కేసులో సుప్రీంకోర్టు ఆ హైకోర్టు ఉత్తర్వును రద్దు చేసింది. పిల్లలపై ఇలాంటి నేరం ఇద్దరి మధ్య ప్రైవేటు తగాదా కాదని, పెద్దల రాజీతో కేసు ముగిసిపోదని తేల్చింది. పైగా మీరెవరు అడగడానికి అని ఆ ఇద్దరినీ వెనక్కి పంపలేదు.

ఇది మనకు పెద్ద అండ. ఇల్లు భయపడి వెనక్కి తగ్గినా, ఊరు నోరు మూసుకున్నా, పక్కన నిలబడే మూడో మనిషికి చోటుంది. యువజన సంఘం అంటే ఆ మూడో మనిషి.

ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం గురించి కూడా సూటిగా మాట్లాడుకోవాలి. నిందితుడు బయటివాడు, వేరే కులంవాడు అయితే పోక్సోతో పాటు ఆ చట్టమూ పెట్టాలని మనం కొట్లాడతాం, కొట్లాడాలి. కానీ నిందితుడు కూడా ఎస్టీయే అయితే ఆ చట్టం వర్తించదు. అప్పుడు మన గొంతు ఎందుకు తగ్గుతుంది? పోక్సో అందరికీ వర్తిస్తుంది. బయటివాడు చేస్తే అత్యాచారం, మనవాడు చేస్తే పొరపాటా? పిల్ల ఒంటికి ఆ తేడా తెలియదు.

కొందరు తమ్ముళ్లు ఇంకో మాట అంటారు: "అన్నా, పోక్సోతో మన పిల్లగాళ్లే జైలుకు పోతున్నరు. ఇష్టపడి లేచిపోయినా కేసే." అందులో నిజం ఉంది. పద్దెనిమిది నిండకపోతే ఇష్టం అనే మాటను ఈ చట్టం ఒప్పుకోదు. దాని మీద దేశంలో చర్చ నడుస్తోంది, మనమూ మన అభిప్రాయం చెప్పొచ్చు. ముందు మన పిల్లగాళ్లకు ఈ చట్టం ఏమిటో చెప్పాలి, పిల్లలకు పెళ్లిళ్లు చేయడం ఆపాలి. కానీ ఇద్దరు పదిహేడేళ్ల వాళ్ల ప్రేమను చూపించి, ఏడేళ్ల పిల్లను పాడు చేసిన నలభై ఏళ్లవాణ్ని కాపాడే వాదన చేయొద్దు. అవి రెండూ ఒకటి కావు.

ఇది చదువుతున్న మీ చేతిలోనే ఉన్న ఇంకో పని చెప్తాను. ఏదైనా ఘోరం జరిగిన గంటలోపే పాప ఫొటో, పేరు, ఊరు, బడి అన్నీ వాట్సాప్‌లో తిరుగుతాయి. "న్యాయం కావాలి" అని మనమే పోస్టర్ చేసి పెడతాం. పోక్సో 23వ సెక్షన్ ప్రకారం అది నేరం. పిల్ల చనిపోయినా పేరు బయటపెట్టకూడదని సుప్రీంకోర్టు 2018 డిసెంబర్‌లో నిపుణ్ సక్సేనా కేసులో చెప్పింది. బతికున్న పిల్లయితే ఆ ఫొటో రేపు బడిలో, ఎల్లుండి పెళ్లి చూపుల్లో వెంటాడుతుంది. ఊరి పేరు, తండ్రి పేరు, ఇంటి ఫొటో పెట్టినా గుర్తు పట్టినట్లే. మన కోపానికి పాప ముఖం అవసరం లేదు. పెట్టినవాళ్లు ఈ రోజే తీసేయండి.

చివరిగా, మనలో ఒకరిపైనే ఆరోపణ వస్తే? ఆ క్షణమే అతన్ని పిల్లల పని నుంచి తప్పించాలి. అది శిక్ష కాదు, జాగ్రత్త. నేరం చేశాడా లేదా అనేది పోలీసులు, కోర్టు తేలుస్తాయి. మన కమిటీ తేల్చకూడదు. అతని త్యాగాలు, కేసులు, జైలు జీవితం ఆ రోజు లెక్కలోకి రాకూడదు. ఈ మాట ఇప్పుడే, ఎవరి పేరూ మనసులో లేనప్పుడే, తీర్మానంగా రాసుకోవాలి. పేరు ఎదురైన రోజు రాయలేం.

ఇదంతా అయ్యే పనేనా అంటారా? ఇదే రంగారెడ్డి జిల్లాను చూడండి. 1990ల మొదట్లో ఎంవీ ఫౌండేషన్ ఇక్కడి ఊళ్లలో పని మొదలుపెట్టినప్పుడు "పేదోళ్ల పిల్లలు పనికి పోకపోతే ఎట్ల గడుస్తది" అనేదే అందరి మాట. ఊరి యువకులు, యువతులు ఇల్లిల్లూ తిరిగారు, దొరలను ఎదిరించారు, పశువుల కాడి నుంచి పిల్లలను బడికి తెచ్చారు. ఏ పిల్లా పనిలో ఉండొద్దు అనే మాట ఊరి నియమమైంది. ఆ పనిని నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమే మొదటి చైర్‌పర్సన్. ఊరు ఒప్పుకోదు అనుకున్న మాటను ఊరితోనే ఒప్పించింది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలే.

కాబట్టి వచ్చే ఆదివారం మీ సంఘం మీటింగ్‌లో మిగతా ఎజెండా పక్కన పెట్టండి. పైన చెప్పిన నియమాలు మీ భాషలో ఒక కాగితం మీద రాయండి. ప్రతి సభ్యుడితో సంతకం పెట్టించండి, ముందు అధ్యక్షుడితో. పిల్లలు ఎవరికి చెప్పుకోవచ్చో ఇద్దరి పేర్లు తేల్చండి, అందులో ఒకరు ఆడమనిషి కావాలి. 1098 నంబర్ ట్యూషన్ గోడ మీద పెద్దగా రాయండి. ఆ కాగితాన్ని తల్లిదండ్రులకు చదివి వినిపించండి. మేము తప్పు చేస్తే మమ్మల్ని కూడా ఇట్లనే పట్టుకోండి అని చెప్పండి.

రేపు తెల్లారకముందే ఆ తల్లి మళ్లీ అడ్డా మీదికి పోతుంది. పోతూ పోతూ మళ్లీ అదే మాట అంటుంది: "జర చూడున్రి." ఆమెకు మన సిద్ధాంతం తెలియదు, మన జెండా రంగు కూడా గుర్తుండదు. సాయంత్రం వచ్చేసరికి పిల్ల పొద్దున ఎట్ల నవ్విందో అట్లనే నవ్వాలి. ఆమె అడిగింది అంతే.